మూడు మూతుల కూజా

నంద్యాలలో ఒక కాఫీ హోటల్ గోడ మీద మూడు మూతులున్న కూజా బయటపడింది!

కంగారు పడకండి, అది బొమ్మే. కూజాకు మూతి ముందూ ఉంది, పక్కనా ఉంది, నడినెత్తినా ఉంది. పక్కన ఒక పళ్లెం నిటారుగా నిలబడింది. అందులో దానిమ్మపండు ఒకేసారి తొక్కనూ గింజలనూ చూపిస్తోంది. మూలన 18 అనే అంకె.

వ్యాపారానికి అర్థం కాని బొమ్మను మించిన వరం ఉందా? హోటల్ యజమానురాలు సంధ్యను అడగండి! తెరిచిన నెల రోజులూ ఆమె ఈగలు తోలుకుంది. ఆళ్లగడ్డలో కొన్న రాతి వినాయకుడికి చుట్టిచ్చిన కాగితం విప్పితే, దాని మీద ఈ బొమ్మ. బెంగళూరు హోటళ్లలో ఇలాంటివే ఉంటాయని ఫ్రేము కట్టించి తగిలించింది. అంతే!

“క్యూబిజం! స్టిల్ లైఫ్! మూడు మూతులంటే మూడు కాలాలు” అన్నారు రిటైర్డ్ లెక్చరర్ సాల్మన్ రాజు గారు. రెండు కాఫీలు అమ్ముడుపోయాయి.

“కాదు సార్. ఇంట్లో ఒక మూతి, అంగట్లో ఒక మూతి, పెండ్లిలో ఒక మూతి. మనిషే ఆ కూజా!” అన్నాడు మందుల షాపు రఫీక్. ఆరు కాఫీలు, ఒక ప్లేటు బజ్జీలు.

పద్దెనిమిదంటే భగవద్గీతలోని అధ్యాయాలని మంజుల టీచర్ తేల్చేసరికి కుర్చీలు చాలలేదు. అర్థమైన బొమ్మను ఎవరైనా రెండోసారి చూస్తారా? అర్థమైతే అది క్యాలెండర్! ‘నాకు అర్థం కాలేదు’ అనేవాడు మాత్రం నంద్యాలలో ఇంకా పుట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఆ వినాయకుణ్ని అమ్మిన ఆళ్లగడ్డ శిల్పి సుబ్బయ్య, సంధ్య చేయించుకున్న రాతి దీపం పట్టుకుని లోపలికొచ్చాడు. గోడ చూసి, దీపం బల్ల మీద పెట్టేసి తిన్నగా బొమ్మ దగ్గరికి నడిచాడు. అది పొట్లం కాగితమని బయటపడితే హోటల్ మళ్లీ ఖాళీ! సంధ్య అతని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

“సుబ్బయ్యన్నా, అదేందో నాకు చెప్పు. బయట చెప్పినావంటే నా హోటలుకు తాళమే!”

“ఏముంది తల్లీ, కొలతల కాగితం. రాయి చెక్కేదానికి కూజాను, పళ్లేన్ని ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీసుకుంటాం, పండునైతే కోసినట్టు గూడా. ఉండింది ఒకటే కాగితం. ఒకదాని మీద ఒకటి గీసేస్తి. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు.”

“ఎవురికీ చెప్పవు గదా?”

“నేనెట్ల చెప్తా? నేనే పెద్ద దొంగను! ఆ కాగితం పొరపాటున నీ వినాయకునికి చుట్టిస్తి. కొలతల్లేక ఉజ్జాయింపుగా చెక్కితే, కూజాకు అసలు మూతే రాకుండా పాయ. చేయించుకున్న సారు వచ్చి ‘ఇదేందప్పా, మూతి యాడ?’ అనె. ‘మాడర్న్ ఆర్టు సార్’ అంటి. ‘ఆ... నాకు చూస్తానే అర్థమైందిలే’ అని ఎత్తుకోని పాయ!”