గోడ వదిలిన దివాను

లర్బీకి ఈ లోకంలో రెండే కోరికలు. కొత్తగా కొన్న అయిదు స్పీకర్ల హోమ్ థియేటర్ ఇంట్లో చుట్టాల గది అయిన సలోన్‌లో ఉండాలి. అత్తగారు లల్లా జహ్రా సలోన్‌లో ఉండకూడదు.

మొదటి కోరికకు భార్య తూరియా అడ్డం. తూరియా కోరికకు లర్బీ అడ్డం. లల్లా జహ్రా ఉండేది కొడుకు ద్రీస్ ఇంట్లో. ద్రీస్ భార్య గొంతూ, పిల్లల గొంతులూ కలిశాయంటే మెక్నేస్ ఊరి బస్టాండే నయమనిపిస్తుంది. అందుకే "ఈ చలికాలం అమ్మని మన దగ్గర ఉంచుకుందాం" అని తూరియా ఎప్పటినుంచో పోరుతోంది. "తప్పకుండా! కానీ మన సలోన్ ఐసుగడ్డ కదా, పాపం ఆవిడ మోకాళ్లేం కావాలి?" అంటూ లర్బీ ప్రతిసారీ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేస్తాడు. అత్తగారి మోకాళ్ల మీద అంత ప్రేమ ఉన్న అల్లుడు మొరాకో మొత్తంలో ఇంకొకడు లేడు.

సరే, ఒక రోజు పెట్టెలు దిగాయి.

"ఏమిటివి?" అంది తూరియా నడుం మీద చేతులు పెట్టుకుని.

"స్పీకర్లు. ముందు మూడు, వెనక రెండు. ఇదిగో, ఈ బండ సబ్‌వూఫర్. నేల మీద పెడితే కడుపులో వినిపిస్తుంది."

"దానికి ఇంత పెట్టె ఎందుకు? చిక్కుడు గింజల సూప్ తాగిన రోజు నీ కడుపులో ఊరికే వినిపిస్తూనే ఉంటుందిగా."

"వేళాకోళం కాదు తూరియా. ఇవి సలోన్‌లో పెడదాం."

సలోన్ మాట వినగానే తూరియా మొహం మారిపోయింది. ఆ సలోన్ ఆమె ప్రాణం. మూడు గోడల పొడవునా దివాన్లు, ఉన్ని కూరిన పరుపులు, పైన మఖమలు, గోడకు వరసగా ఆనించిన దిళ్లు. పెళ్లయిన ఇన్నేళ్లలో లర్బీ అందులో కూర్చున్నది చుట్టాలు వచ్చినప్పుడే. అదీ చుట్టంలాగే, అంచు మీద.

"మేడ మీద బట్టలుతికే గదిలో పెట్టుకో" అంది తూరియా.

"అక్కడ బకెట్లు తప్ప ఏముంది?"

"బకెట్లకే వినిపించు. ఎదురు మాట్లాడవు."

లర్బీ బతిమాలాడు, అలిగాడు, టీ మానేశాడు. టీ మానేసి గంట గడవక ముందే వంటింట్లోకి వెళ్లి తనే కాచుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. చివరికి తూరియా ఒక మెట్టు దిగింది.

"సరే. శుక్రవారం అమ్మా, ద్రీస్ కూస్‌కూస్ తినడానికి వస్తున్నారు. తిన్నాక అమ్మ విని బాగుందంటే నీ పెట్టెలు సలోన్‌లోనే ఉంటాయి. బాగాలేదందా, మేడ మీదికి."

"మీ అమ్మా? ఆవిడకి సరిగా వినపడదు కదే!"

"వినపడని మనిషి కూడా బాగుందంటే నిజంగా బాగున్నట్టే కదా."

తూరియా అంత తేలిగ్గా దిగిరావడం చూసి ఏ భర్తయినా అనుమానపడాలి. లర్బీ పడలేదు. ఆ మాట అనేసరికే అతని బుర్రలో ఒక పథకం మొలకెత్తింది మరి. స్పీకర్లన్నీ ఎవరికి బాగుండాలి? తీర్పు చెప్పే మనిషికి. ఆ మనిషి ఎక్కడ కూర్చుంటుంది? తను కూర్చోబెట్టిన చోట. అంతే! ఆ ఒక్క చోటుకు గురిపెట్టి అన్నీ సర్దేస్తే ముసలావిడ స్వర్గం చూసి వస్తుంది.

భార్య కాస్త బజారుకు వెళ్లగానే రంగంలోకి దిగాడు. దిగగానే చిక్కు వచ్చిపడింది. స్పీకర్లతో వచ్చిన పుస్తకం ప్రకారం వెనక స్పీకర్లు వినేవాళ్ల వీపు వెనక ఉండాలి. మెక్నేస్‌లో ఎవరి వీపు వెనకైనా గోడే ఉంటుంది. స్పీకర్ ఎక్కడ పెట్టాలి, పక్కింట్లోనా?

లర్బీ దివాను కాలు పట్టుకుని లాగాడు. అది కదలలేదు. నడుం కదిలింది. రెండోసారి ఊపిరి బిగబట్టి లాగితే కిర్రుమంటూ గోడను వదిలి గది మధ్యకు వచ్చింది. వెనక దిళ్లన్నీ దబదబా కింద పడ్డాయి.

తూరియా కూరగాయల సంచితో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నామా?"

"శబ్దం మనిషి చుట్టూ తిరగాలి తూరియా. దానికి చోటివ్వాలి."

"నడివీధిలో కూర్చున్నట్టుంది. దిళ్లు దేనికి ఆనతాయి? నీ తలకాయకా?"

"అవన్నీ నేను చూసుకుంటాగా! మీ అమ్మ కూర్చునే చోట వెనకాల దుప్పట్ల పెట్టె అడ్డం పెడతాను. కూర్చుంటే సుల్తాను సింహాసనంలా ఉంటుంది."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. దివాను చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అయితే పెట్టె మీద ఉన్ని దుప్పటి కూడా వెయ్యి. అమ్మకి వీపు చలేస్తుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. భార్య దారికొచ్చిందని లర్బీ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఇక లెవెల్స్ సర్దాలి. యాంప్లిఫయర్‌లో దానికోసం ఒక పరీక్ష శబ్దం ఉంటుంది. ఒక్కొక్క స్పీకర్లోంచీ 'ష్‌ష్‌ష్' అని వస్తుంది. అన్నిట్లోంచీ సమానంగా వచ్చేదాకా పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. లర్బీ అత్తగారి చోట కూర్చుని, ఆవిడంత ఎత్తుకు వంగి, ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి మొదలుపెట్టాడు. గదినిండా ఉన్నీ మఖమలూ కదా, ఎంత పెట్టినా గది మింగేస్తోంది. పెంచాడు. ఇంకా పెంచాడు. 'ష్‌ష్‌ష్‌ష్' అని ఇల్లంతా బుసకొట్టింది.

కింది వాటాలో హజ్జా మన్నానా కూర తరుగుతోంది. ఈ బుస చెవిన పడగానే కత్తి అక్కడే పడేసింది.

"గ్యాస్! గ్యాస్ సిలిండర్ లీకవుతోంది! అయ్యో, పైన తూరియా వాళ్లింట్లో! అందరూ బయటికి రండర్రా! పొయ్యిలు ఆర్పండి!"

ఆవిడ గొంతుకు ఏ యాంప్లిఫయరూ అక్కర్లేదు. భవనం భవనమంతా మెట్ల మీదికి వచ్చేసింది. ఒకడు గడ్డం సగం గీసుకుని నురుగుతో దిగాడు. పైవాటా ముసలాయన పంజరంతో సహా పిచ్చుకను పట్టుకొచ్చాడు కానీ భార్యను మర్చిపోయాడు. ఆమె వెనకాల తిట్టుకుంటూ దిగుతోంది. లర్బీ మాత్రం కళ్లు మూసుకుని కుడి వెనక స్పీకర్ ఒక రవ్వ ఎక్కువైందా అని ఆలోచిస్తున్నాడు.

తూరియా వచ్చి ప్లగ్గు పీకింది.

"బయటికెళ్లి చూడు, శబ్దాల సుల్తాన్! నీ కచేరీకి జనం వీధి పట్టక నిలబడ్డారు."

లర్బీ గుమ్మంలోకి వెళ్లి నీళ్లు నమిలాడు. "అబ్బే, గ్యాస్ కాదండీ... స్పీకర్లండీ... సమానంగా వస్తుందో లేదో..."

"బుసకొట్టే పెట్టె కొనుక్కున్నావా నాయనా?" అంది హజ్జా మన్నానా రొప్పుతూ. "చెబితే మా మేనల్లుడిచేత పామునే తెప్పించేదాన్ని కదా!"

ఆ సాయంత్రమంతా లర్బీ ఇంటింటికీ తిరిగి క్షమాపణలు చెప్పుకున్నాడు. అయినా పట్టు వదల్లేదు. మర్నాడు తలుపులూ కిటికీలూ మూసి, బుస తగ్గించి మళ్లీ కూర్చున్నాడు. తూరియా టీ తెచ్చి పక్కన పెట్టి, ఊరికే అన్నట్టు అంది:

"అమ్మకి ఎడమ చెవి మరీ తక్కువ."

"అలాగా? అయితే ఎడమది రెండు గీతలు పెంచుతా."

"మనుషుల మాటలే అర్థం కావు ఆవిడకి. పాటలూ, బాంబులూ బానే వినిపిస్తాయి."

"మాటలొచ్చేది మధ్య స్పీకర్లోంచే. దాన్ని ఎత్తి, ఆవిడ మొహానికేసి తిప్పుతా. బాంబుల పెట్టె తగ్గించేస్తా."

"నీకెంత తెలుసు లర్బీ!" అంది తూరియా. ఆ మాట పెళ్లయ్యాక మొదటిసారి విన్నాడేమో, ఆ రోజంతా గాల్లో తేలాడు. శుక్రవారం పొద్దుటికి ఆ సలోన్ ఒకే ఒక్క మనిషి ఒకే ఒక్క చోట కూర్చుంటే అద్భుతంగా వినిపించేలా తయారైంది. ఆ మనిషి లర్బీ కాదు.

శుక్రవారం నమాజయ్యాక ద్రీస్ తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. లల్లా జహ్రా సలోన్ గుమ్మంలో ఆగి కళ్లు చికిలించింది.

"దివాను గోడ దగ్గర లేదేమిటే? సున్నాలు వేయిస్తున్నారా?"

"లేదు లల్లా, మీకోసమే!" అని లర్బీ గట్టిగా అరిచి, ఆవిడను పువ్వులా పట్టుకెళ్లి సింహాసనం మీద కూర్చోబెట్టాడు.

కూస్‌కూస్ వచ్చింది. ఏడు కూరల మధ్య మాంసం ముక్క కొండలా నిలబడింది. ద్రీస్ సుష్టుగా తిని, చల్లటి మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని, "అల్హమ్‌దులిల్లాహ్" అంటూ హాయిగా వెనక్కి వాలాడు. పుట్టినప్పటినుంచీ అతని వెనక గోడ ఉంది. ఈసారి లేదు. కాళ్లు పైకి లేచాయి, మజ్జిగ గాల్లోకి లేచింది, ద్రీస్ దివాను వెనక మాయమయ్యాడు.

"ద్రీస్ ఏడే?" అంది తల్లి కంగారుగా.

"వెనక స్పీకర్ దగ్గర ఉన్నాడమ్మా" అంది తూరియా, మజ్జిగ తుడుస్తూ. "శబ్దం ఎలా ఉందో చూస్తున్నాడు."

తీర్పుకు ముందే ఈ అపశకునమా? లర్బీ గబగబా టీవీ పెట్టాడు. సరిగ్గా అప్పుడే టర్కీ సీరియల్ మొదలైంది. అందరూ మాటలు మొరాకో అరబ్బీలోనే మాట్లాడుతూ, ఏడుపు మాత్రం టర్కీ లెవెల్లో ఏడుస్తారు. ఒక అమ్మాయి వానలో ఒక ముసలావిడ తలుపు తట్టింది. వాన వెనక స్పీకర్లలో కురిసింది. మాట మధ్య స్పీకర్లోంచి సూటిగా వచ్చి లల్లా జహ్రా ముందు నిలబడింది.

ఆవిడ నిటారుగా కూర్చుంది. చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. ఆ తరవాత కదల్లేదు, టీ తాగలేదు. లర్బీ ఆవిడ మొహాన్నే చూస్తూ చెమటలు కక్కాడు. సీరియల్ అయిపోయేసరికి ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమైంది లల్లా? ఎక్కువైందా? తగ్గించనా?"

"ముట్టుకోకు!" అంది ఆవిడ. "ఇన్నేళ్లుగా మొహాలు చూసి కథ నేనే అల్లుకుంటున్నాను నాయనా. ద్రీస్‌ని అడిగితే 'ఏం లేదమ్మా, ఏడుస్తోంది' అంటాడు. ఎందుకు ఏడుస్తోందో ఎవరూ చెప్పరు. ఇవాళ ఆ పిల్ల ప్రతి మాటా విన్నాను. ఒక్కటి కూడా పోలేదు."

ద్రీస్ తల దించుకున్నాడు. లర్బీ అయితే, నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో తన పథకం సంగతి కూడా మర్చిపోయాడు. తన చేతుల మీదుగా ఒక మంచి పని జరిగిపోయిందని మనసు నిండిపోయింది.

"బాగుందా మరి?" అంది తూరియా.

"బాగుందా ఏమిటే! ఈ పెట్టెలు ఇక్కడినుంచి కదలడానికి వీల్లేదు."

లర్బీ ఎగిరి వెళ్లి అత్తగారి నుదురు ముద్దుపెట్టుకున్నాడు.

"నేనూ కదలను" అంది ఆవిడ.

లర్బీ పెదవులు నుదుటి మీదే ఆగిపోయాయి.

"అంటే... లల్లా... చలి కదా... మోకాళ్లు..."

"చలెక్కడిది నాయనా? వీపు వెనక పెట్టె, పెట్టె మీద ఉన్ని దుప్పటి, కొలిచి కుట్టించినట్టుంది. నాకోసం ఇంత చేసిన అల్లుణ్ని కాదని పోతానా?"

లర్బీ బిక్కమొహం వేసి భార్య వైపు చూశాడు. తూరియా గ్లాసుల్లో టీ పోస్తూ, తల ఎత్తకుండానే, "ద్రీస్, అమ్మ సంచి కారులోంచి తెచ్చావా?" అంది.

"వచ్చినప్పుడే తెచ్చేశానక్కా. తలుపు వెనక పెట్టా."

"వచ్చినప్పుడేనా?" అన్నాడు లర్బీ. "ఇంకా వినకముందే సంచి సర్దుకొచ్చేశారా?"

"నీ పనితనం మీద నాకంత నమ్మకం లర్బీ" అంది తూరియా.

ఆ మర్నాడు సాయంత్రం లర్బీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూద్దామని సలోన్‌లోకి వచ్చాడు. సీరియల్ నడుస్తోంది. మధ్య చోటులో లల్లా జహ్రా, పక్కన తూరియా, ఆ పక్కన గ్యాస్ భయం తీరిన హజ్జా మన్నానా. మిగిలింది దివాను చివర అంచు. అక్కడ కూర్చుంటే అతనికి వెనక స్పీకర్ ఒక్కటే వినిపించింది. వాన పడింది, కుక్క మొరిగింది, ఎక్కడో తలుపు మూసుకుంది. మనుషుల మాట ఒక్కటీ అందలేదు.

కాసేపు ఓపిక పట్టి, మెల్లిగా అడిగాడు. "ఆ పిల్ల ఏమంటోంది?"

"ష్!" అంది అత్తగారు. "అంత గట్టిగా చెబుతోందిగా!"

"నాకు వినపడటం లేదు లల్లా."

లల్లా జహ్రా అతని వైపు జాలిగా చూసి, కూతురి చెవి దగ్గరికి వంగింది.

"పాపమే! ఇంత చిన్న వయసులోనే!"