అధ్యక్షుల వారి నత్తి ల్యాప్‌టాప్

"సెల్‌ఫోన్లో ఆటలాడిన జాతి ఏదీ చరిత్రలో నిలబడలేదు!"

ఉప్పుగూడలోని కాలనీ కమ్యూనిటీ హాల్లో వేణుగోపాల్ గారు బల్ల గుద్ది చెప్పిన మాట ఇది. చరిత్రలో నిలబడిన జాతులకు అసలు సెల్‌ఫోన్లే లేవు కదా అని అడిగేవాళ్ళు ఆ రోజు సభలో లేరు. ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కొట్టి, అక్కడికక్కడే పిల్లల క్రమశిక్షణ కమిటీని స్థాపించి, దానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. వేణుగోపాల్ గారు ఒక సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటు. కమిటీ అన్నా, అధ్యక్షత అన్నా, శాలువా అన్నా ఆయనకు ప్రాణం. పని అన్నా కూడా ప్రాణమే గానీ, ప్రాణాన్ని ఎవరైనా ఊరికే ఖర్చు పెడతారా?

అధ్యక్షుడన్నాక ఆదర్శం ఇంటి నుంచే మొదలు కావాలి. అందుకని ఆయన మొట్టమొదట కూతురు స్వీటీ ఫోను గుంజుకున్నారు. స్వీటీ ఇంటర్ రెండో సంవత్సరం. ఎంట్రెన్సు పరీక్ష నెత్తి మీదకొచ్చింది. కోచింగు పాఠాలన్నీ వీడియోలే. ఆ వీడియోలు ఇక ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో చూడాలని ఆజ్ఞ అయింది.

ఆ ల్యాప్‌టాప్ స్వీటీ చిన్న బడిలో ఉన్నప్పుడు కొన్నది. ఇప్పుడు దానికి నత్తి పట్టింది. ఫిజిక్సు సారు సుద్దముక్క ఎత్తి, నోరు తెరిచి, అలాగే బిగుసుకుపోతాడు. కొంచెం సేపటికి మాట వస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో నోరు కదులుతుంది. ఆ రెండింటికీ సంధి కుదిర్చేలోపు బోర్డు మీద లెక్క చెరిగిపోతుంది.

"బాపు, పాఠం ఆగి ఆగి వస్తుంది. ఒక్క ముక్క సమజైతలేదు," అని స్వీటీ మొరపెట్టుకుంది.

"మా కాలంల సార్లు గూడ గట్లనే నసిగి నసిగి చెప్పిండ్రు. మేం పాస్ కాలేదా? దిమాక్ పెట్టి విను బిడ్డా. తప్పు మెషిన్‌ది కాదు, నీ ధ్యాసది."

అలా నెలల తరబడి స్వీటీ ధ్యాస తప్పుతూనే ఉంది, సారు నోరు తెరుచుకునే ఉంది.

ఇక్కడ పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చాయ్ తాగి, వేణుగోపాల్ గారు ఆ ల్యాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటారు. "ఆఫీసు ఫైళ్ళు. ఎవ్వరు రావొద్దు," అంటారు. లోపల జరిగేది కార్ల పందెం. ఆయనను తప్పు పట్టకండి. శత్రువును ఎదిరించాలంటే ముందు శత్రువును తెలుసుకోవాలి కదా! ఉపన్యాసం కోసమని ఒక్కసారి ఆడి చూశారు. ఇంకా లోతుగా తెలుసుకుందామని రెండోసారి ఆడారు. అప్పటి నుంచి శత్రువును తెలుసుకుంటూనే ఉన్నారు. కొండదారిలో ఎర్రకారు ఎక్కి, సముద్రం పక్క మలుపు తిప్పుతున్నప్పుడు ఆయన సూపరింటెండెంటు కాదు, అధ్యక్షుడు కాదు, ఎవరికీ జవాబు చెప్పనవసరం లేని మనిషి. పాపం, ఆయన జీవితంలో అలాంటి సమయం అదొక్కటే.

అన్నాళ్ళూ ఆట జోలికి రాని నత్తి ఒకరోజు దానికీ పట్టి, ఆ మలుపు దగ్గరే తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి కారు సముద్రంలో ఉంది. మరోసారి ఆడారు. మళ్ళీ సముద్రమే. ఎన్నిసార్లు ఎక్కినా కారు నేరుగా నీళ్ళకే పోతోంది.

ఇంటికి అత్యవసర పరిస్థితి వచ్చింది. వేణుగోపాల్ గారు గది తలుపు తీసుకుని బయటికొచ్చి, "గీ ల్యాప్‌టాప్ వెంటనే బాగు చేయించాలె. పిల్ల చదువు ఏం గావాలె?" అన్నారు.

స్వీటీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్నకు ఇన్నాళ్ళకు తన కష్టం తెలిసిందనుకుంది.

"అదీ గాక ఆదివారం నాడు హాల్ల తల్లిదండ్రులకు అవగాహన వీడియో చూపియ్యాలె. నడుమల ఆగితే కమిటీ ఇజ్జత్ పోతది," అని ఆయన కలిపారు.

మొదటి వైద్యుడు కమిటీ కార్యదర్శి రామ్‌చందర్. ఆయనది పాల వ్యాపారం. కానీ మేనల్లుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆ విద్య వచ్చినట్టే లెక్క. ఆయన తెర వైపు చాలాసేపు గంభీరంగా చూసి, "అన్నా, లోపల టెంపరరీ ఫైళ్ళు మస్తు జమైనయి. అన్నీ తీసేయ్," అన్నాడు.

వేణుగోపాల్ గారు ఉలిక్కిపడ్డారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఫైలు తొక్కిపెట్టారు గానీ తీసేసిన పాపాన పోలేదు. "తాత్కాలికమైతే మాత్రం? పైనుంచి ఆర్డర్ లేకుండ ఫైల్ తీసేస్తరా? రేపు ఎవరన్న అడిగితే?"

"నీ ల్యాప్‌టాప్‌ల ఫైల్ ఎవరడుగుతరన్నా?"

"అడగరనే అందరు అనుకుంటరు. అట్లనే సస్పెండ్ అయితరు."

రెండో వైద్యం భార్య మహేశ్వరిది. "కాలనీల అందరి కండ్లు దీని మీదనే ఉన్నయి. దిష్టి తగిలింది," అని ఆమె ఛార్జరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. దానితో ల్యాప్‌టాప్ బాగుపడలేదు గానీ, ఛార్జరు చూడముచ్చటగా తయారైంది.

చివరికి యాకుత్‌పురా స్టేషను దగ్గర దుకాణం పెట్టుకున్న ప్రేమ్‌రాజ్‌ను శనివారం పిలిపించారు. ప్రేమ్‌రాజ్ స్కూటరు దిగక ముందే రోగమేమిటో చెప్పే రకం. "ర్యామ్ తక్కువుంటది సార్, పక్కా," అన్నాడు గేటు దగ్గర. "వైరస్ సార్, నేను ముందే అనుకున్న," అన్నాడు హాల్లోకి వచ్చి. కుర్చీలో కూర్చున్నాక, "ఫార్మాట్ కొట్టేద్దాం. కొత్త పెండ్లికొడుకు లెక్క అయితది," అన్నాడు.

"ఫార్మాట్ కొడితే లోపలున్నవి?"

"అన్నీ పోతయి సార్."

వేణుగోపాల్ గారి ముఖం పాలిపోయింది. గెలిచిన పందేలు, తెరుచుకున్న దారులు, చెమటోడ్చి సంపాదించిన ఎర్రకారు! "వద్దు వద్దు. ఆఫీసు ఫైళ్ళున్నయి. ప్రజల సొత్తు," అన్నారు.

"సార్ ఎంత నిజాయితీ మనిషో," అని రామ్‌చందర్ మెచ్చుకున్నాడు.

ప్రేమ్‌రాజ్ ల్యాప్‌టాప్‌ను ఒళ్ళోకి లాక్కోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అరే, గిది ల్యాప్‌టాపా, పెనమా? రొట్టెలు కాల్చుకోవచ్చు." నిజమే మరి. దుమ్ము పడకుండా మహేశ్వరి దానికి జాకెట్టు ముక్క మిగిలితే మఖ్మల్ తొడుగు కుట్టింది. నొప్పి పెట్టకుండా కింద దూది దిండు వేసింది. ఆ ఇంట్లో అంత సుఖపడ్డ ప్రాణి మరొకటి లేదు.

తొడుగు విప్పి బోర్లా తిప్పి చూసి ప్రేమ్‌రాజ్ నోరు వెళ్ళబెట్టాడు. గాలి పోవడానికి అడుగున సన్నని కంతలుంటాయి కదా, ఒక్కటి కూడా వదలకుండా అన్నింటికీ గంధం మెత్తి ఉంది. గంధం మీద కుంకుమ బొట్లు.

"గిదేంది సార్?"

"దసరాకు ఆయుధ పూజ చేస్త," అంది మహేశ్వరి. "స్కూటర్‌కు, కుట్టు మిషన్‌కు, మిక్సీకి అన్నిటికి పెడ్త. దీనికి తక్కువ చేస్తనా? పైన పెడితే మరకలైతయని ఏటేటా అడుగున పెడ్తున్న."

స్క్రూలు విప్పి మూత తీసేసరికి, లోపల ఇన్నేళ్ళ దసరాలూ ఉన్నాయి. ఫ్యాను రెక్కలకు ఊదుబత్తి బూడిద, మూలల్లో పసుపు అక్షింతలు, గాలి వెళ్ళే దారికి అడ్డంగా ఎండిన బంతిపూల రేకులు. అలా ఊపిరాడకనే అది కాలిపోతోందని, కాలిపోయినప్పుడల్లా ప్రాణం దక్కించుకోవడానికి నెమ్మదిస్తోందని ప్రేమ్‌రాజ్ చెప్పాడు. చెప్పి, "గదే, నేను ముందే అనుకున్న," అని చేర్చాడు.

బ్రష్షు తీసుకున్నవాడు ఆగిపోయాడు. తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. ఇంకొకరి దేవుడి విషయంలో జాగ్రత్త ఎక్కువ. "అమ్మా, గిది చెత్తల వెయ్యాల్నా, మూసీల కలపాల్నా?"

మహేశ్వరి పరుగున వెళ్ళి వెండి పళ్ళెం తెచ్చింది. బూడిద, కుంకుమ, అక్షింతలు అన్నీ అందులోకి దులిపారు. రామ్‌చందర్ చెప్పులు విప్పి, "మెషిన్‌ల కెల్లి వచ్చింది, పవర్ ఉంటది," అని చిటికెడు తీసుకుని నుదుట పెట్టుకున్నాడు. మహేశ్వరి భర్తకు, కూతురికి పెట్టింది. ప్రేమ్‌రాజ్ దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, అరటిపండు ఇచ్చింది.

"అయిపోయినట్టేనా అన్నా? రాత్రి నాకు క్లాసుంది," అని స్వీటీ అడిగింది.

"వేడి తగ్గనీకి లోపల కొత్త పేస్టు వేసిన, ఆరాలె. ఇయ్యాల ముట్టొద్దు. రేపు హాల్ల నేనే ఆన్ చేసి, గేమ్ ఆడి చూపెడ్త. వీడియో ఎవడన్న నడిపిస్తడు. గేమ్ ఆగకుండ నడిస్తెనే నా పని అయినట్టు. గది నా దుకాణం రూలు."

"మా ఇంట్ల గేములు ఉండయి," అన్నారు వేణుగోపాల్ గారు చప్పున.

"ఫికర్ చేయకుండ్రి. నా పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి."

ఆ పూట స్వీటీకి పాఠం లేదు, తండ్రికి ఫైళ్ళు లేవు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ విలవిల్లాడారో చెప్పడం కష్టం. "రేపు పొద్దుగూకినంక సార్ లైవ్‌ల ఆఖరిసారి డౌట్లు తీరుస్తడు బాపు. వీడియో అయిపోంగనే నేను ల్యాప్‌టాప్ తీస్కపోత," అని స్వీటీ మాట తీసుకుంది. ఆయన తల ఊపారు.

ఆదివారం హాలు నిండిపోయింది. గోడకు తెల్లగుడ్డ కట్టి, ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించారు. అధ్యక్షుల వారికి శాలువా కప్పారు. అవగాహన వీడియో మొదలైంది. ఆటలాడిన పిల్లవాడి కళ్ళు గుంటలు పడ్డాయి, వాడు తల్లిని కసిరాడు, పరీక్ష తప్పాడు. ఇంత నాశనమూ ఎక్కడా ఆగకుండా, నత్తి లేకుండా, నున్నగా జరిగిపోయింది. చప్పట్లు మోగాయి. స్వీటీ లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం చెల్లె," అంటూ ప్రేమ్‌రాజ్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఇంత మంది ముందు దుకాణం పేరు చాటుకునే అవకాశం మళ్ళీ రాదు.

వేణుగోపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "గిది గూడ అవగాహనల భాగమే. శత్రువును కండ్లార చూడుండ్రి," అన్నారు. గోడ మీద కొండదారి పరుచుకుంది. ఎర్రకారు వచ్చి నిలబడింది. అది ఆయన రోజూ ఆడే ఆటే. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

రిపేర్లలో ఎలా ఉన్నా, కారు నడపడంలో ప్రేమ్‌రాజ్ మొద్దు. మొదటి మలుపులోనే బండకు కొట్టాడు. "చూసిండ్రా, గిట్లనే బతుకులు ఖరాబైతయి," అన్నారు అధ్యక్షుల వారు. రెండో మలుపులో చెట్టుకు కొట్టాడు. శాలువా కింద అధ్యక్షుల వారి కుడికాలు నేలను నొక్కుతోంది. కారు సముద్రం వైపు తిరిగింది. ప్రేమ్‌రాజ్ ఎక్కడ ఆగకూడదో సరిగ్గా అక్కడే వేగం తగ్గించాడు.

"అక్కడ బ్రేక్ కొడ్తరా ఎవరన్న? ఇటు జరుగు," అన్నారు వేణుగోపాల్ గారు.

జరిగేదాకా ఆగలేదు కూడా. శాలువా భుజం మీద నుంచి జారింది. వేళ్ళు వాటంతటవే మీటల మీద పడ్డాయి. కారు సముద్రపు అంచున చక్రం మోపి, ఒరిగి, నిలదొక్కుకుని మలుపు దాటింది. ముందున్న కార్లను ఒక్కొక్కటిగా వెనక్కి నెట్టింది.

"బాపు, నీకు గిదెట్ల వస్తది?" అని స్వీటీ అడిగింది.

"రోజు ఆఫీసుకు స్కూటర్ మీద పోత గద బిడ్డా. ట్రాఫిక్ అనుభవం," అన్నారు ఆయన గోడ మీద నుంచి చూపు తిప్పకుండా. ఆ అబద్ధం నిలబడేదే. కాలనీలో ఆయన మాటకు అంత విలువ ఉంది. కానీ రెండో వరసలోంచి రామ్‌చందర్ లేచాడు. కొడుకు ఫోను గుంజుకుని బీరువాలో పెట్టానని మొన్ననే మైకులో చెప్పిన మనిషి.

"అన్నా, పైనుంచి ఎందుకు పోతవు? ఎడమ దిక్కు సొరంగం ఉంటది. దాంట్లకెల్లి దూరు, షార్ట్‌కట్."

"సొరంగం బంద్ చేసిండ్రు," అన్నాడు వెనక నుంచి కోశాధికారి వైకుంఠం. "మొన్న అప్‌డేట్ల."

"నిన్న గూడ పోయిన నేను. తెరిచే ఉంది."

"నువ్వు అప్‌డేట్ చేస్కోలేదు, గంతే."

భార్యలు మెల్లగా భర్తల వైపు తిరిగారు. పిల్లలు తండ్రుల వైపు తిరిగారు. తండ్రులు మాత్రం ఎవరి వైపూ తిరగలేదు. వాళ్ళ చూపంతా గోడ మీదే ఉంది. సొరంగం తెరిచి ఉందో లేదో తేలాలి కదా. వేణుగోపాల్ గారు సొరంగం సంగతి వదిలేసి పై దారినే దూసుకుపోయి, అందరికంటే ముందు గీత దాటారు. గోడ మీద బాణాసంచా వెలిగింది. మూడో వరసలో ఎవరో ఈల వేశారు.

స్వీటీ ముందుకు నడిచి వచ్చింది. తండ్రి ముఖంలోకి ఒకసారి చూసింది. ఇన్ని నెలలు సారు నోరు తెరుచుకుని బిగుసుకుపోతుంటే ఈ ముఖంలో ఒక్కనాడూ కనబడని కంగారు, ఆ కారు సముద్రపు అంచుకు వెళ్ళినప్పుడు ఆమెకు కనబడింది. తీగలు పీకి, మూత మీద చెయ్యి వేసింది.

"క్లాసుకు టైమైంది బాపు. నువ్వు మాటిచ్చినవు."

"ఆగు బిడ్డా, మూయకు," అని అధ్యక్షుల వారు రెండు చేతులా ల్యాప్‌టాప్ పట్టుకున్నారు. "గెలిచింది ఇంక సేవ్ కాలే."

స్వీటీ మూత మూసి, సంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. తెల్లగుడ్డ తెల్లగా మిగిలింది. పిల్లలు పగలబడి నవ్వారు. తల్లులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తండ్రుల్లో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. అందరూ లోలోపల ఆ బాధ ఎరిగినవాళ్ళలా నాలుకలు చప్పరించి, "అయ్యో పాపం" అన్నారు.