మిట్టమధ్యాహ్నపు ముక్కు తనిఖీ

మరీ పాత కథేం కాదు. ఒక పెద్ద అడవి, అందులో ఒక గొర్రెల మంద. ఎండ ముదిరే వేళకు ఒక జాతి ఈగ వచ్చి, గొర్రె ముక్కులో పిల్లల్ని వదిలిపోయేది. ఆ పురుగులు నుదుటిదాకా పాకేవి. గొర్రె తుమ్మి తుమ్మి, గిరగిరా తిరిగి పడిపోయేది.

బొల్లి గొర్రె మొదటి పిల్ల అలాగే పోయింది. ఇప్పుడున్నది ఒక్కటే. అందుకే మధ్యాహ్నం కాగానే దాని ముక్కును తన పొట్ట కిందికి తోసేది. మందంతా అంతే. గుండ్రంగా నిలబడి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి ముక్కు దూర్చేది. తాతల నాటి అలవాటు.

అడవి సభకు జాలి కలిగింది. ముక్కు పురుగుల నిర్మూలన సంఘం పెట్టి, నక్కను అధికారిగా, మందలోని ముసలి పొట్టేలును అధ్యక్షుడిగా వేసింది.

నక్క రాగానే ముఖం చిట్లించింది. "ముక్కులు దాచుకుంటే పురుగులున్నదీ లేనిదీ మాకెట్లా తెలిసేది? రేపట్నుంచి రోజూ మిట్టమధ్యాహ్నం వరసలో నిలబడి ముక్కులు ఆకాశానికి ఎత్తండి."

"అయ్యా, ఈగలొచ్చేది ఆ వేళకే గదా! పొద్దున్నే చూడరాదూ?" అంది బొల్లి.

"ఎండ నెత్తిన ఉంటేనే ముక్కు లోపల కనబడుతుంది. పైగా పొద్దున మాకు మీటింగు."

పొట్టేలు బండరాయి ఎక్కి, అందరికన్నా ఎత్తుగా ముక్కెత్తింది. ఈగలకు పండగే పండగ.

బొల్లి మాత్రం వరసలోకి రాలేదు. "పిల్ల తల ఎత్తించు. మంద పరువు తీయకు!" అని పొట్టేలు గద్దించింది.

"వెలేసినా సరే పెదనాయనా, దీని ముక్కు చూపించను."

వెలేశారు. బొల్లి పిల్లతో పొద వెనక చేరి, తన ముక్కు మట్టిలో పెట్టుకుని, పిల్ల ముక్కును పొట్ట కింద దాచింది.

మొదటి వారం తుమ్మేవి మూడే. రెండో నెలకు సగం మంద తుమ్ముతోంది. నక్క మురిసిపోయింది. "చూశారా! ఇన్నాళ్లూ దాచిన రోగమంతా మా తనిఖీతో బయటపడింది."

సభ సన్మానం పెట్టింది. శాలువా కప్పుతుండగా పొట్టేలు గట్టిగా తుమ్మింది. నాలుగు బలిసిన పురుగులు ప్రశంసాపత్రం మీద పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం పొట్టేలు తూలుకుంటూ పొద వెనక్కి వచ్చింది. "తల్లీ, నీ పొట్ట కింద కాస్త చోటుందా?"

బొల్లికి ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే జాలేసింది. "ఎక్కాల్సినవి ఎక్కాక ఎందుకు పెదనాయనా?" అంటూనే పక్కకు జరిగింది.

తనిఖీ ఘనవిజయమనీ, వచ్చే ఏడాది నుంచి రోజుకు రెండుసార్లనీ నక్క నివేదిక పంపింది. తుమ్మిన ప్రతి గొర్రె పేరూ అందులో ఉంది. పొద చుట్టూ గంతులేస్తున్న బొల్లి పిల్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

నీతి: ముక్కు దాచుకుంటే ప్రాణం దక్కుతుంది, చూపిస్తే నివేదికలో చోటు దక్కుతుంది.