కొండ దిగిన కొట్టు

అధికారులు కొండెక్కలేరని తెలిసి, బిడ్డిక సింగారమ్మ కిరాణా కొట్టు సోమవారం పొద్దున్నే లేచి, కొండ దిగి, పరిశీలన కోసం మండలాఫీసుకు నడిచి వెళ్లింది.

ఇందులో వింతేమీ లేదు. పిట్టలగూడ నుంచి అన్నీ అలాగే దిగుతాయి. వేలిముద్ర పడాలంటే ముసలివాళ్లు దిగుతారు, సూదిమందు పడాలంటే పసిపిల్లలు దిగుతారు, నొప్పులొచ్చిన ఆడవాళ్లు డోలీలో దిగుతారు. ఇప్పుడు కొట్టుకు వంతు వచ్చింది, అంతే. పైగా అది మొదటినుంచీ బుద్ధిగల కొట్టు. నాలుగు వెదురు గుంజలు, తాటాకు కప్పు, లోపల ఉప్పు, కిరసనాయిలు, సబ్బులు, అగ్గిపెట్టెలు. ఎంత గాలివానకైనా ఒక్క అగ్గిపెట్టెను తడవనిచ్చి ఎరగదు.

ఉత్తరపు కొండల్లోని మారుమూల చిరు వ్యాపారాలకు సర్కారు చేయూతనిస్తోంది. ఎంపికైన కొట్టుకు పిండిమర ఉచితంగా ఇస్తారు, ఆయిలింజనుతో సహా. పిట్టలగూడలో పొద్దు గడవాలంటే చోడి అంబలి, అదే రాగి అంబలి, కావాలి. అంబలికి పిండి కావాలంటే తిరగలితో చేతులు బొబ్బలెక్కించుకోవాలి, లేదా చోళ్లు నెత్తిన పెట్టుకుని కింది ఊరి మరకు దిగి, మళ్లీ ఎక్కాలి. సింగారమ్మ అత్త ఎండమ్మకు ఆ ఎక్కుడూ దిగుడుతోనే మోకాళ్లు అరిగిపోయాయి. మర కొండ మీదికి వస్తే అత్త ఇక కొండ దిగనక్కరలేదు. సింగారమ్మ కోరిక అదొక్కటే.

బయలుదేరేటప్పుడు ఎండమ్మ పొయ్యిలోని నిప్పులు కుండలోకి ఎత్తి, కొట్టు దూలానికి తాడుతో వేలాడదీసింది. ఆ గూడలో ఏ కప్పు కదిలినా దానితోపాటు దాని నిప్పు వెళ్లాలి.

"ఒలే కోడలా, ఇన్నావా? దారిలో నిప్పు కింద దించకే. నిప్పెక్కడ దించితే కొంపక్కడే పాతుకుపోతాది."

"నానెరగనేటత్తా?"

"ఎరుగుదువు. గానీ నీకు మర్యాదెక్కువ. అదే నా బెంగ."

ఆ కొట్టు నడక చూసి తీరాలి. దిగుడు బాటలో గుంజ వెనక గుంజ ఆచితూచి వేసింది. గెడ్డ నీళ్లు దాటేటప్పుడు ఆడమనిషి కుచ్చిళ్లు ఎత్తుకున్నట్టు తాటాకు చూరు పైకెత్తుకుంది. తక్కెడ పళ్లేలు చెవులకు లోలాకుల్లా ఊగాయి. ఒక్క ఉప్పుకల్లు ఒలికితే ఒట్టు. రోడ్డు మీద బస్సు ఆపి కండక్టరు దాన్ని కిందా మీదా చూసి, పక్కనే నడుస్తున్న సింగారమ్మతో అన్నాడు.

"సీటు నేదు. నిలబడతానంటే ఎక్కమను."

కొట్టు మొహమాటపడి నడిచే వచ్చింది.

ఆఫీసు ఆవరణలో అటెండరు గేదెల అప్పలస్వామి దాన్ని అడ్డగించాడు. "వరసలో రావాల! కొట్టయితే మాత్రం ముందుకి తోసుకొచ్చేయడమేటి? ఆ మేకలోడి ఎనక నిలబడు." మేకల పథకానికి వచ్చిన పెద్దాయన వెనక కొట్టు ఒద్దికగా నిలబడింది. మేకలు చూరులో ఒక మూల నమిలేశాయి. అయినా పల్లెత్తు మాట అనలేదు.

పరిశీలించవలసిన అధికారి బరాటం విశ్వేశ్వరరావు గారు. అలాంటి ఉద్యోగి అరుదు. తుంపర పడుతోంది, ఆయనకు జలుబు. అయినా గదిలో కూర్చోలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, కొట్టు చుట్టూ తిరిగి, గుంజలు తట్టి చూసి, చెప్పులు విప్పి మరీ లోపలికి వెళ్లారు. బయటికొచ్చాక మాత్రం ఆయన ముఖం చిన్నబోయింది.

"అమ్మా, కొట్టు బ్రహ్మాండంగా ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఇది రోడ్డు పక్కనుంది. పథకమేమో మారుమూల కొట్లకి."

"కొండ మీది కొట్టే బాబూ. తవురు సూడాలనే గదా వొచ్చింది."

"నేను కాదన్నానా? కానీ చూసిన చోటే రాయాలి గదమ్మా. చూడని చోటు చూశానని ఎలా రాస్తాను? అబద్ధం కాదూ?"

అంత నిజాయితీకి సింగారమ్మ చేతులు జోడించింది. ఇంతలో ఆయన గట్టిగా తుమ్మారు. మళ్లీ తుమ్మారు. తన చూరు కింద ఒక పెద్దమనిషి చలికి వణుకుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు సింగారమ్మ.

"అయ్యో, కూకోండి బాబూ, అల్లం టీ పెడతాను," అంటూ దూలానికి వేలాడుతున్న కుండ దింపి, మూడు రాళ్ల మధ్య నిప్పులు పోసి ఊదింది.

టీ మరిగేలోపే గుంజలు నేలలోకి దిగాయి. ఎంతో దూరం నడిచొచ్చినవాళ్లు అరుగు మీద చతికిలబడ్డట్టు కొట్టు ఒక నిట్టూర్పు విడిచింది. సింగారమ్మ గబగబా నిప్పులు కుండలోకి ఎత్తింది. భుజం ఆనించి గుంజను ఎత్తబోయింది. అప్పలస్వామి ఒక చెయ్యేశాడు, మేకల పెద్దాయన ఇంకో చెయ్యేశాడు. గుంజ మాత్రం ఊడిరాలేదు. ఆమె అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విశ్వేశ్వరరావు గారు టీ తాగుతూ చాలాసేపు ఆలోచించారు. కొట్టు మారుమూలకు పోలేకపోతే, మారుమూలే కొట్టు దగ్గరికి రాకూడదా? ఆవరణనంతా ఆయన కొత్త కళ్లతో చూశారు. కుళాయిలో నీళ్లు రావు. ఫోను పలకాలంటే ట్యాంకెక్కాలి. పైవాళ్లు ఎవరైనా ఇక్కడ అడుగుపెట్టినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఇక్కణ్నుంచి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చిందీ లేదు. మారుమూలకు ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నాయి.

"ఇంత మారుమూలలో ఉద్యోగం చేస్తున్నామని మాకే తెలీదు చూశావా అప్పలస్వామీ," అన్నారాయన, తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ.

పిట్టలగూడ అంటే ఇదేనని ఆయన రాశారు. చూసిన చోటే రాశారు కాబట్టి అందులో అబద్ధం లేదు. అటుపై ఆఫీసులో అందరికీ మారుమూల భత్యం కూడా మంజూరైంది. ఏ మాటకామాట, కుళాయిలో నీళ్లు లేకుండా అన్నేళ్లు నెట్టుకొచ్చినవాళ్లు దానికి అర్హులే.

మర వచ్చింది. ఎంత మంచి మర! చోళ్లు పోస్తే చాలు, పిండి వెచ్చగా, మెత్తగా, పసిపిల్ల బుగ్గలా దిగుతుంది. బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. కొండ మీది ఆడవాళ్లందరూ చోళ్లు నెత్తిన పెట్టుకుని దిగి వచ్చారు. పిండి ఆడించుకుని, మరను మెచ్చుకుని, మళ్లీ ఎక్కి వెళ్లారు. ఎండమ్మ మాత్రం విశ్వేశ్వరరావు గారి ముందు నిలబడింది.

"బాబూ, పిట్టలగూడ ఇక్కడుంటే, నాను పొద్దున్న లేచొచ్చిందెక్కడ నుంచి?"

"అది పథకంలో లేదమ్మా," అన్నారాయన ఎంతో నెమ్మదిగా. ఆమెకు కుర్చీ వేయించారు కూడా.

సింగారమ్మ కింద కూర్చుని అత్త మోకాళ్లు ఒత్తింది. "నా వల్లే గదత్తా."

"సలికి వొణికినోడికి టీ పెట్టకుండా ఉంటావేటి? ఊరుకో," అంది ఎండమ్మ. పిండిమూట నెత్తిన పెట్టుకుంది. బాట మొదట్లోనే ఆగి, రాయి మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

వానాకాలం పోయాక ఒక సోమవారం ఎండమ్మ ఇల్లు కొండ దిగి వచ్చింది. అప్పలస్వామి అలవాటుగా, "వరసలో, వరసలో," అన్నాడు. ఇంటి ముందు ఎండమ్మ, ఆమె చేతిలో తాడుకు వేలాడుతూ నిప్పుకుండ. మర ఆపి సింగారమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, నిప్పు బద్రం! ఎవులడిగినా దించకు!"

ఎవరూ అడగలేదు. తుంపర లేదు, ఎవరికీ జలుబు లేదు. ఎండమ్మ తను దిగివచ్చిన బాట వైపు ఒకసారి చూసింది. మర చూసింది. కోడలి కనురెప్పల మీద పిండి చూసింది.

"మర్యాదకి కాదులేవే," అని, కుండ నేల మీద దించింది.

ఇల్లు నిట్టూర్చి, గుంజలు దించుకుంది. మరుసటి వారం బడి వచ్చింది, ఆ పై వారం మిగతా ఇళ్లూ వచ్చాయి. వచ్చినవాళ్లకు అప్పలస్వామి ఓపిగ్గా చోటు చూపించాడు. కొండ మీద పొగ లేవడం లేదని ఎవరూ రాసుకోలేదు. రాయాలంటే ఆ కొండ కూడా దిగివచ్చి వరసలో నిలబడాలి.