పెట్టుబడి మీద పిల్లి బొమ్మ

లాస్ ఏంజిలస్‌లో ఆ సోమవారం పొద్దున కార్టూన్ల దర్శకుడు లెస్టర్ ప్రాట్ అనుకున్నది చాలా చిన్న పని. మధ్యాహ్నంలోగా కథకు ఊహలు పోగుచేయాలి, మర్నాడు వాటిని ఏరుకుని బొమ్మలు మొదలుపెట్టాలి. హాల్లో అసలు సినిమాకు ముందు వేసే ఏడు నిమిషాల కార్టూన్ అది. డబ్బు పెడుతున్నది సబ్బుల కంపెనీ యజమాని హొరేస్ బ్లేక్. పెట్టుబడి, లాభం అంటే ఏమిటో జనానికి నవ్విస్తూ నేర్పాలట. ఇది కూడా తుస్సుమంటే లెస్టర్ బృందాన్ని మూసేస్తానని స్టూడియో యజమాని ముందే చెప్పేశాడు. అంటే అతనితోపాటు ఎనిమిది మంది బొమ్మలవాళ్ళు రోడ్డున పడతారు.

పాఠంలో తప్పు దొర్లకుండా చూడమని బ్లేక్ ఒక ప్రొఫెసర్‌ను పంపాడు. పేరు విట్‌కాంబ్. ఆయన సరిగ్గా మొదటి సమావేశానికే వచ్చి కూర్చున్నాడు. ఆ స్టూడియోలో మొదటి రోజు ఎవరూ ‘వద్దు’ అనకూడదు. ఎంత పిచ్చి ఊహ చెప్పినా ‘బాగుంది’ అనాల్సిందే. చెత్తంతా మర్నాడు ఏరి పారేస్తారు. ఈ సంగతి ప్రొఫెసర్‌కు చెప్పాలని ఒక్కరికీ తట్టలేదు.

ఎలుక పిండిమర పెడుతుందని లెస్టర్ అన్నాడు. ఆ ఎలుక పిల్లిని కూర్చోబెట్టి పెట్టుబడి మీద ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇవ్వాలని ప్రొఫెసర్ అన్నాడు. అందరూ పళ్ళు బిగించి బాగుందన్నారు. పటాలు కూడా చూపిద్దామన్నాడు, బాగుందన్నారు. ఎలుకకు గొంతు తానే ఇస్తానన్నాడు. లెస్టర్ దానికీ తల ఊపాడు.

మర్నాడు ఏరి పారేద్దామంటే ఏముంది, ప్రొఫెసర్ రాత్రే బ్లేక్‌కు ఫోన్ చేసి అన్నిటికీ ఒప్పుకున్నారని చెప్పేశాడు. బ్లేక్ ఉబ్బిపోయి పత్రికలవాళ్ళకు కూడా చెప్పేశాడు.

“ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నానండీ. ఒక్కడంటే ఒక్కడు బాగుందనలేదు. మీరంతా ఒకే మాటగా అన్నారు,” అంటూ ప్రొఫెసర్ కళ్ళు ఒత్తుకున్నాడు. ఇక చేసేది లేక లెస్టర్ అన్నీ అలాగే గీయమని బొమ్మలవాళ్ళకు చెప్పాడు.

బొమ్మలు గీసే హేజల్ వచ్చి, ఎలుక ఎంతకీ ఆపడం లేదు, ఎదురుగా ఉన్న పిల్లి ఏం చెయ్యాలని అడిగింది.

“ఏం చేస్తుంది, నా ఖర్మ. నిద్రపోతుంది,” అని విసుక్కుని లెస్టర్ తలుపు వేసుకున్నాడు. హేజల్ బుద్ధిగా వెళ్ళి అదే గీసింది. రికార్డింగులో విన్న ఆ ఉపన్యాసం మళ్ళీ వినే ఓపిక లేక అతను ఆ రీలు జోలికే పోలేదు.

తీరా పక్కనున్న పాసడీనా ఊళ్ళో మొదటి ఆట వేసిన రోజు, బ్లేక్‌కూ ప్రొఫెసర్‌కూ మధ్య కూర్చుని, పిల్లి ఆవలించడం చూశాడు. ఓరగా బ్లేక్ వైపు చూశాడు. పిల్లి కునికింది, కుర్చీలోంచి పడింది, లేచి తోకతో కనురెప్పలు ఎత్తి పట్టుకుంది, మళ్ళీ పడింది. ఎలుక మాత్రం ఆపలేదు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

బ్లేక్‌కు నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి. “మా బోర్డు మీటింగుల్లో నేనూ ఇంతేనయ్యా. ఇంకో పన్నెండు తీయండి. అన్నీ ప్రొఫెసర్‌గారే రాయాలి, ఆయనే మాట్లాడాలి. రేపటి నుంచి ఆయన మీ గదిలోనే కూర్చుంటారు.”

“నేను చెప్పలా? పెట్టుబడి అనగానే జనం ఎంత హాయిగా నవ్వారో చూడండి,” అన్నాడు ప్రొఫెసర్. “తర్వాతది పన్నుల మీద తీద్దాం. పాఠం కొంచెం పెద్దదే.”

బృందంలో ఎనిమిది మంది ఉద్యోగాలూ నిలబడ్డాయి. లెస్టర్ మాత్రం మర్నాడు పొద్దున్నే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి బయలుదేరాడు.