ఒకటో పొట్లం, రెండో పొట్లం

"ఈ సొసైటీలో వీచే గాలి కూడా శాకాహారమే!"

సూరత్‌ అడాజన్‌లోని మా అపార్ట్‌మెంట్ల సర్వసభ్య సమావేశంలో అధ్యక్షులు సుబ్బరామయ్యగారు ఇలా ప్రకటించారు. హజీరా ఫ్యాక్టరీలో పెద్ద మేనేజరుగా రిటైరైన మనిషి. అందరం చప్పట్లు కొట్టాం. గాలి ఏమీ అనలేదు.

మర్నాడే చిక్కు వచ్చింది.

నా భార్య లత పోయి ఐదు నెలలు. ఆమె అక్క కూతురు మనోజ్ఞ పరిశోధన కోసం సూరత్ వచ్చి నా దగ్గర ఉంటోంది. ఆ పిల్ల వచ్చాకే మా ఇంట్లో మళ్లీ రెండు కంచాలు పెడుతున్నాం. పంది మాంసం నాణ్యతలో జన్యువుల పాత్ర ఎంత? ఇదీ ఆమె పరిశోధన.

ఆ రోజు మనోజ్ఞ రెండు పందుల మాంసం రెండు పొట్లాలుగా ఉన్న ఐస్ పెట్టెతో లిఫ్టెక్కింది. పెట్టె మీది చీటీని కార్యదర్శి నరహరి చదివాడు. మేముండే ఐదో అంతస్తు చేరేలోగా సొసైటీ వాట్సాప్ గ్రూపు మొత్తం చదివింది!

"మాస్టారూ, ఇది సాక్ష్యం. కమిటీ స్వాధీనంలో ఉంటుంది. బుధవారం సాయంత్రం విచారణ. ఆ తర్వాత అమ్మాయి ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే," అన్నాడు నరహరి, ముక్కుకు రుమాలు కట్టుకుని. పెట్టెను మాత్రం పసిబిడ్డలా ఎత్తుకుపోయాడు.

బుధవారం ఏడుగురు కమిటీ సభ్యులూ కొలువుదీరారు. సాక్ష్యం బల్ల మీదికి వచ్చింది. మనోజ్ఞ మూత తీసింది. ఐసు ఉంది. మాంసం లేదు!

"ఆవిరైపోయి ఉంటుంది. సూరత్ ఎండలు మరి!" అన్నాడు నరహరి.

"ఐసు కరక్కుండానేనా అంకుల్?"

మనోజ్ఞ నోటుపుస్తకం తెరిచింది.

"పోనీలెండి. కొలతలన్నీ ముందే తీసుకున్నాను, రుచి ఒక్కటే మిగిలింది. ఆ రెండు పందులూ ఒకే దొడ్డిలో పెరిగాయి, ఒకే దాణా తిన్నాయి. తల్లిదండ్రులే వేరు. తేడా జన్యువులదేనని నా వాదన. తిని చెప్పేవాళ్లే దొరకలేదు. ఇంతకీ, ఏ పొట్లం మెత్తగా ఉంది?"

ఫ్యాను నాలుగు చుట్లు తిరిగింది.

"రెండోదమ్మా," అన్నారు సుబ్బరామయ్యగారు. "మొదటిది మూకుట్లో వెయ్యగానే నీళ్లొదిలేసింది. నమిలితే ఒట్టి పీచు!"

"అదేం కాదండీ! మీరు మంట ఎక్కువ పెట్టారు!" అన్నాడు నరహరి.

"ఉప్పు ముందే గుమ్మరించింది ఎవరయ్యా?"

మనోజ్ఞ అంతా రాసుకుంది. "ఎంతమంది తిన్నారు?"

ఏడు చేతులు మెల్లగా లేచాయి.

"ఏడుగురు చాలరే! కనీసం మూడు నాలుగు సార్లు తిని చెప్పాలి," అంది దిగులుగా.

ఆ దిగులు కమిటీని కదిలించింది. అప్పటికప్పుడు ఏకగ్రీవ తీర్మానం. గాలి శాకాహారంగానే ఉంటుంది. శాస్త్రానికి సహకరించడం కమిటీ బాధ్యత గనుక మనోజ్ఞ కూడా ఇక్కడే ఉంటుంది.

ఇంటికొచ్చి రెండు కంచాలు పెట్టాను. ఎవరో తలుపు తట్టారు. సుబ్బరామయ్యగారు. చేతిలో ఖాళీ గిన్నె.

"మాస్టారూ," అన్నారు గొంతు తగ్గించి, "మూడో పొట్లం ఎప్పుడొస్తుందట?"