ర్యామ్ పెంచితే కొంప మునుగుతుంది!

"హంతకుడు మరెవరో కాదు..."

అంతే! స్క్రీన్ మీద నా వాక్యం అక్కడే బిగుసుకుపోయింది. సున్నా గుర్తు గిరగిరా తిరుగుతోంది. స్పీకర్‌ఫోన్‌లో ఎడిటరమ్మ కేకలు.

"సార్, సాయంత్రంలోగా ఆఖరి అధ్యాయం రాకపోతే మీ సీరియల్ ఆపేసి ఆ పేజీలో వంటలు వేస్తాం!"

ఎదురుగా మా ఆవిడ. ఒక చేతిలో స్క్రూడ్రైవర్, రెండో చేతిలో దువ్వెనంత ర్యామ్ ముక్క.

పాఠకులారా, మానవజాతికి అసలు శత్రువు ఆ దువ్వెనంత ముక్కే!

నవ్వకండి. నత్తనడక కంప్యూటర్ ఒక వరం. నేను ఆన్ చేసి స్నానానికెళ్తాను. వచ్చేసరికి అది ఇంకా 'స్వాగతం' అంటూనే ఉంటుంది. ఇంత మర్యాద తెలిసిన యంత్రం ఈ రోజుల్లో ఎక్కడుంది?

పోయిన నెల మా బావమరిదికి నిప్పులు కక్కుతూ ఒక మెయిల్ రాశాను. సెండ్ నొక్కాను. హ్యాంగ్! మళ్లీ స్టార్టయ్యేలోపు మెయిల్ గల్లంతయింది, కోపం చల్లారింది. ఆదివారం ఆయన నవ్వుతూ మా ఇంటికి భోజనానికొచ్చాడు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే వచ్చేవాడా?

ఎదురింటి అకౌంటెంట్ ఆఫీసులో పాత కంప్యూటర్లన్నిటికీ ర్యామ్ పెంచారు. అంతకుముందు ఒక ఫైల్ తెరుచుకునేలోపు ఒకరి పిల్లల చదువులు ఒకరు కనుక్కునేవారట. ఇప్పుడో? పక్క సీటాయనకి గుండె ఆపరేషనైన సంగతి ఆయన రిటైరయ్యాక తెలిసింది!

ఇదంతా మా ఆవిడకి విన్నవించాను.

"పక్కకి జరగండి" అంది.

ఆఖరి అస్త్రం తీశాను. "మనది పాతకాలపు బోర్డు. కొత్త ర్యామ్ దానికి పట్టదు. గాడి కలవదు."

"తెలుసు. నిన్న మధ్యాహ్నం మీరు గురకపెడుతుంటే పాత ముక్క ఊడదీసి షాపుకి పట్టుకెళ్లా. గాడికి గాడి సరిచూసే తెచ్చా. మీరు లేచేలోపు పాతది మళ్లీ బిగించేశా."

ఇంట్లోనే గూఢచారి! నా నవలల్లో ఇంత తెలివైన డిటెక్టివ్ ఒక్కడూ లేడు.

ప్లగ్ పీకింది. మూత తీసింది. ముక్కని గాడిలో పెట్టి బొటనవేళ్లతో నొక్కింది. క్లిప్పులు టక్కుమన్నాయి. నా గుండె కూడా.

ఈసారి నేను కళ్లజోడు తుడుచుకునేలోపే ఫైల్ తెరుచుకుంది. వాక్యం ఎక్కడికీ పోలేదు. "హంతకుడు మరెవరో కాదు..." పక్కనే కర్సర్ మిణుకుమిణుకుమంటోంది.

"ఊఁ, కానివ్వండి."

వేళ్లు కీబోర్డు మీద పెట్టాను. వంటవాడా? డ్రైవరా? వకీలా? మొదటి వారం శవం పడినప్పటినుంచీ నాకు మాత్రం తెలిస్తే కదా! 'కంప్యూటర్ హ్యాంగయిందండీ' అంటూ వారం వారం నెట్టుకొచ్చాను. గిరగిరా తిరిగే ఆ సున్నా లేకపోతే నాలాంటివాడు ఎక్కడ దాక్కోవాలి? చెప్పండి!

"మేడమ్, ఏమైంది? ప్రాబ్లమ్ ఎక్కడుందో తెలిసిందా?" అంది ఇంకా లైన్‌లోనే ఉన్న ఎడిటరమ్మ.

మా ఆవిడ స్క్రీన్ వైపు చూసింది. కదలని నా వేళ్ల వైపు చూసింది. స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"కంప్యూటర్ తప్పేం లేదమ్మా. దోషి దొరికాడు. మా ఆయనే!"